మంచు మీద మూడేండ్లు

వికారాబాద్‌లో ఒక జూనియర్ కాలేజీ, మధ్యాహ్నం వేళ. ఆటల సామాన్ల గదిలో హాకీ నేర్పే యోబు సార్ లాప్‌టాప్ మూత సగం దించి కూర్చున్నాడు. ఆయన టీమ్‌లో ఆడే నాగరాణి తల్లి మల్లీశ్వరి మోమిన్‌పేట్ నుంచి ఆటోలో వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఆమెకు అంత కోపం ఎందుకో ఆయనకు అప్పుడప్పుడే అర్థమవుతోంది.

"అమ్మిన అన్నవా లేదా? గదొక్కటి చెప్పు సారూ."

"అన్న గని... గట్ల గాదమ్మా. జర లోపలికొచ్చి కూసో."

"కూసునేటందుకు రాలే. మా నాగరాణి నిన్న ఇంటికొచ్చి చెప్పింది, 'అమ్మా, యోబు సార్ నన్ను అమ్మేసిండు' అని. గొర్లనైతె మేమూ అమ్ముతం. గొర్రెకు గూడ పండ్లు చూసి, ఈపు నిమిరి, ఇంట్ల అందరికి చెప్పి అమ్ముతం. నా బిడ్డను నాకొక మాట చెప్పకుంటనే అమ్మితివి?"

"మెల్లగ, మెల్లగ! పక్కనే ప్రిన్సిపాల్ సార్ రూమున్నది."

"ఉన్నదా? ఏ దిక్కు?"

"అమ్మా, నీకు దండం పెడ్త. అది గేమ్. కంప్యూటర్ గేమ్."

"కంప్యూటర్ల నా బిడ్డకేం పని?"

"అండ్ల హాకీ టీమ్ ఉంటది. ఆడుడు మనం ఆడం, మనం మేనేజర్. ఏ పిల్లను తీస్కోవాలె, ఎవలకు ఎన్నేండ్ల కాంట్రాక్టియ్యాలె, ఎవలను ఇడిసిపెట్టాలె, గదే పని. అండ్ల అందరియి తెల్లోళ్ళ పేర్లున్నయ్, నాకు నోరు తిరుగలే. అందుకని మన కాలేజీ పిల్లల పేర్లు పెట్టుకున్న. ఫోటోలు గూడ పెట్టిన. ఇగో, చూడు."

"మా నాగరాణే! బస్ పాసు ఫోటో గదా గిది. ఎనక తెల్లగ మెరుస్తున్నదేంది?"

"మంచు. అది మంచు మీద ఆడే హాకీ."

"మంచు మీదనా? దానికి ఫ్యాన్ కింద పండుకుంటెనే సర్ది వడ్తది సారూ!"

"గేమ్‌లనమ్మా, గేమ్‌ల!"

"సరే తియ్యి. ఎవలకమ్మినవ్?"

"కెనడా దిక్కు ఒక టీమ్‌కు."

"బదులేమొచ్చింది?"

"ఇద్దరొచ్చిన్రు."

"ఎసుంటోళ్ళు?"

"ఒకడు గోల్‌కీపర్. జర... వయసు మీద పడ్డది గని మస్తు అనుభవమున్నది. ఇంకోనికి మోకాలు నొప్పి. తగ్గుతది."

"అంటె మా బిడ్డనిచ్చి ఒక ముసలోన్ని, ఒక కుంటోన్ని తెచ్చుకున్నవ్. మర్పల్లి సంతల గిసుంటి బేరం జేసొస్తే మా ఆయనను ఇంట్లకు రానియ్యను."

"గట్లనకమ్మా! ఆ గోల్‌కీపర్ తోనే నిన్న కప్పు గెలిచిన. ఆరు సీజన్ల సంది ఆడుతున్న, మొదటిసారి గెలిచిన."

"ఏది కప్పు?"

"అదీ... గేమ్‌లనే."

"మా పిల్ల ఏం తప్పు చేసిందని పంపినవ్?"

"తప్పేం చేయలే. కాంట్రాక్టు లేకుంట ట్రయల్ మీద ఉండె, అది ఒడుస్తుండె. మొదటి కాంట్రాక్టుకు దాని ఏజెంటు మస్తు అడిగిండు. నా తాన గంత లేకుండె."

"ఏజెంటా? తల్లిని నేను బతికుండంగ నడుమ ఆడెవడు?"

"ఆడు గూడ కంప్యూటరే."

"అయితె ఆన్ని పక్కకు జరుగుమను. నేను మాట్లాడ్త. ముందుగాల పిల్లను వాపసు తే."

"అమ్మినంక రాదమ్మా."

"రానే రాదా?"

"వస్తది... నిన్న పొద్దుగాల ఆట ఏడిదాక అయిందో దాచిపెట్టిన. అది తెరిస్తె అంతా ఎనకకు పోతది. పిల్ల వస్తది. గని కప్పు పోతది."

"నీకు కప్పు కావాల్నా, పిల్ల కావాల్నా?"

"ఆరు సీజన్లమ్మా..."

"ప్రిన్సిపాల్ సార్ రూము ఎడమ దిక్కా, కుడి దిక్కా?"

"తెరుస్తున్న. తెరుస్తున్న!"

"వచ్చిందా?"

"వచ్చింది. ఇగో, వికారాబాద్ వారియర్స్ టీమ్‌ల నాగరాణి."

"కప్పో?"

"పోయింది."

"పోనియ్యి. ఉంటె దుమ్ము దులుపుకుంట కూసోవాలె. ఇగ కాంట్రాక్టు రాయి. ఎన్నేండ్లిస్తవ్?"

"ఏడాది."

"ఏడాదికేమైతది సారూ? అటు తిరిగి ఇటు చూసేలోపల ఒడుస్తది. ఎక్కువియ్యి."

"కొత్త పిల్లలకు మొదటి కాంట్రాక్టు మూడేండ్లకంటె ఎక్కువ ఇయ్యనియ్యదు. రూల్."

"మూడా? మంచిది. మూడు రాయి. మూడు అని మంచిగ కనవడాలె."

"రాసిన."

"మధ్యల ఎవలన్నా వచ్చి పిల్లను తోల్కపోతమంటె?"

"కాంట్రాక్టు ఉండంగ ఎట్ల తోల్కపోతరు? ఇంకో షరతు గూడ ఉంటది, పిల్లను ఏడికీ పంపొద్దని. అది పెడితె మేనేజర్ గూడ పంపనీకి రాదు. గని అది పెద్ద ఆటగాళ్ళకే ఇస్తరు."

"పెట్టు."

"పద్దెనిమిదేండ్ల పిల్లకు ఎవ్వలియ్యరమ్మా. తెల్లారి టీమంతా అడుగుతది."

"టీమంతా కంప్యూటరేనంటివి గదా. పెట్టు సారూ."

"పెట్టిన."

"అయినా సరే మాకే కావాల్నని మొండిగ కూసుంటె?"

"నష్టపరిహారం కట్టి తీస్కపోవాలె."

"ఎవలు కట్టాలె? పిల్ల దిక్కోళ్ళా?"

"పిల్ల దిక్కోళ్ళు ఎందుకు కడ్తరు? తీస్కపోయెటోళ్ళే కట్టాలె."

"తీస్కపోయెటోళ్ళే! ఓ సారూ, గీ ఆట చేసినోడెవడో గని, ఆడు సల్లగుండ. రూపాయలల్లనా?"

"డాలర్లల్ల."

"రాసున్నదా?"

"ఇగో, కింద."

"సంతకమేది?"

"గీడ నొక్కితె అయిపాయె. మేనేజర్, యోబు. చూసినవా? ఇగ నీ పిల్ల నా టీమ్‌ల భద్రం. కోపం పోయిందా?"

"పోయింది. జర జరుగు, ఫోటో తీస్కుంట."

"ఫోటో ఎందుకు?"

"యాదికుంటది."

"తియ్యి... ఆగు, ఆగు. మీదికెల్లి గేమ్ పేరు రాకుంట తీస్తున్నవేంది? నీకు ఇంగ్లీషొస్తదా?"

"ఏడు దాక సదివిన సారూ. అక్షరాలొస్తయ్."

"అంటె అది గేమని నీకు ముందే తెలుసా?"

"నాగరాణి నిన్న నవ్వుకుంటనే చెప్పింది. అమ్మిన సంగతి, కాంట్రాక్టుల సంగతి, అన్నీ చెప్పింది. మూడేండ్ల ముచ్చట గూడ అదే చెప్పింది. ముందుగాల ఏడాది అంటడు, ఇడువకమ్మా అన్నది."

"మరి గీ లొల్లంతా ఏంది? నా కప్పు పోగొట్టుకుంటి గదమ్మా!"

"మెల్లగ మాట్లాడు సారూ, బయటికి ఇనవడ్తది. మా మరిది ఎంకయ్య బషీరాబాద్ సంబంధం తెచ్చిండు. రేపు మాట ఖాయం చేసుకుంటరట. పిల్లకు పద్దెనిమిది నిండినయ్, ఇగ ఏ సర్కారోడు ఆపడు అంటడు. మా ఆయన తమ్ముని మాట తియ్యడు. పిల్లేమొ డిగ్రీ సదువుత, ఆడ్త అంటది. వద్దంటె ఎందుకు వద్దంటరు, దేనికి వద్దంటరు. నేనేం చెప్పాలె? ఆడిదాని ఇష్టం అంటె నవ్వుతరు సారూ. కాంట్రాక్టున్నదంటె ఇంటరు."

"గది అబద్ధం గదమ్మా."

"ఏది అబద్ధం? మూడేండ్లన్నది నువ్వు. సంతకం నీది. నేనొక్కటన్నా రాసిన్నా?"

"అది మంచు మీద ఆట!"

"ఎంకయ్యకు మంచంటె చలికాలం పొద్దుగాల రోడ్డు మీద కమ్ముకునేదే తెలుసు."

"నాతోని గాదు. ఆదివారం పూట చర్చిల ముందల నిలవడి పాటలు పాడేటోన్ని. ఏం మొకం పెట్టుకోని పాడాలె?"

"నువ్వు నోరు తెరువకు. జర తలకాయ ఊపు, సాలు. ఎంకయ్య బయట ఆటోలనే కూసున్నడు, సారు నోటితోనే ఇంటనన్నడు. ఎంకయ్యా! ఓ ఎంకయ్యా! లోపలికి రా, సారు పిలుస్తున్నడు!"

"నేనేడ పిలిచిన!"

"నమస్తె సార్. నేను ఎంకయ్యను, నాగరాణి చిన్నాయనను. ఏందో కాంట్రాక్టంటున్నది మా వదిన. నిజమేనా?"

"ఇగో ఎంకయ్యా, నా ఫోన్ల చూడు. పిల్ల ఫోటో. పేరు. మూడు అని ఉన్నది, కనవడ్తుందా? కింద సారు పేరు."

"కనవడ్తుంది వదినా. నిజమేనా సార్? తలకాయ ఊపుతున్నరు గని మాట్లాడ్తలేరేంది?"

"సారుకు గొంతు పట్టింది ఎంకయ్యా. గ్రౌండ్ల ఒర్రి ఒర్రి."

"గట్లనా. మూడేండ్లే గదా, అయితె ఫికర్ లేదు. బషీరాబాదోళ్ళు ఆగుతరు. రేపే మాట ఖాయం చేసుకుందాం, మూడేండ్లైనంక పెండ్లి. పిల్ల యాడికి పోతది? ఏం వదినా, మొకం గట్ల పెట్టినవ్?"

"ఎంకయ్యా... గది గాదు... సారూ, జర..."

"సారు ఏదో అంటున్నట్టున్నడు."

"ఎంకయ్యా, కూసో. నా గొంతు బాగనే ఉన్నది. మూడేండ్లది మొదటి కాంట్రాక్టు. అది ఒడిసినంక గూడ పిల్ల మీద మొదటి హక్కు మా టీమ్‌దే, రూల్ గట్లనే ఉన్నది. గందాక ఎవలూ మాటలిచ్చుకునుడు, పిల్ల మీద ఆశ పెట్టుకునుడు నడువదు. ముందుగాల ఆడుకోనియ్యి. తర్వాత పిల్ల ఒప్పుకుంటెనే ముచ్చట."

"మరి బషీరాబాదోళ్ళకు నేనేమని చెప్పాలె సార్?"

"నువ్వేం చెప్పకు. నంబర్ కొట్టి ఫోన్ నాకియ్యి, నాగరాణి మేనేజర్‌గ నేనే మాట్లాడ్త."