మెయిల్ ఆయనా, ఉత్కల్ ఆయనా

అదేటి వేణు బావా, గిటారు సంచిలో పెట్టీసి జిప్పు లాగీసేవు? పద్ధతేనా ఇది? అవతల రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాలంతా నిండిపోయింది. ముందు వరసలో కలకత్తా నించొచ్చిన సాబు కూచున్నాడు. ఇప్పుడు బెంగాలీ అమ్మాయిలు పాడతన్నారు, తరవాత పంథీ డాన్సు, ఆ తరవాత మనమే. నువ్వేమో అలకపాన్పెక్కిన కొత్తల్లుడిలాగ గ్రీన్‌రూంలో గోడకేసి తిరిగి కూచున్నావు.

లేవవా? అచ్ఛా, కూచునే విను. నేనే మాటాడతాను.

నాగేంద్రన్నయ్యది తప్పే, ఒప్పుకుంటాను. మధ్యాహ్నం రిహార్సల్లో వాడలాగ అనకూడదు. "నీ మెయిల్ ఆయన రాసినవి పాటలేట్రా, ప్లాట్‌ఫారం మీద ఎనౌన్స్‌మెంట్లు" అన్నాడు. అన్నవాడు అక్కడితో ఆగేడా? "నువ్వూ అలాగే రాస్తావు" అన్నాడు. అది నీకు తగిలింది. నాకు తెలీదేటి? నీ మొహం చూసేను కదా!

మరి నువ్వేటన్నావు? "రాక్ పాటకి మాటలు రాసినోళ్లందర్లోకీ మెయిల్ ఆయనే గొప్పని నాగేంద్ర మైకులో ఒప్పుకుంటేనే వాయిస్తాను" అన్నావు. మైకులో! పాటగాళ్లకి కల్చరల్ కోటాలో రైల్వే ఉద్యోగాలిచ్చే సాబు ముందర! మతుండే అన్నావా ఆ మాట?

అసలు మీరు ఎవరి గురించి కొట్టుకుంటన్నారో మీకు తెలుసునా? పేరు తెలుసునా, ఊరు తెలుసునా? అవి ఇంగ్లీషు పాటల కాపీ కేసెట్లు. అట్ట లేదు, పైన అక్షరం లేదు. గార్డు జగన్నాథం మావయ్య బొంబాయి మెయిల్లో దిగి ఒకటి తెచ్చేడు, అందులో పాడినాయన మెయిల్ ఆయనయిపోయేడు. ఇంకోటి ఉత్కల్ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చింది, ఆయన ఉత్కల్ ఆయన. మన రైల్వే కాలనీలో కాకపోతే ఇంకెక్కడుంటుందయ్యా ఈ చోద్యం!

మెయిల్ ఆయనది లేత గొంతు, ఒక్క గిటారు, లోకంలో అన్యాయాలన్నీ నిలదీస్తాడు. ఉత్కల్ ఆయనది బొంగురు గొంతు, వెనకాల డ్రమ్ముల మోత, వదిలేసి వెళ్లిపోయిన పెళ్లాం కోసం ఏడుస్తాడు. పాటన్నాక లోకాన్ని అడగాలని నువ్వు. మనిషి లోపల్ది చెప్పాలని అన్నయ్య. షెడ్డు గేటు దగ్గరా ఇదే వాదన, ఇదే బహస్, చాయ్ ఠేలా దగ్గరా ఇదే, మా వరండాలోనూ ఇదే. మా అమ్మ వంటింట్లోంచి, "ఎవరో ఒకరు గెలవండర్రా, అన్నం చల్లారిపోతంది" అని అరిచేది.

నవ్వకు. నవ్వొస్తే లేచి వచ్చి వాయించు.

చూడు బావా. నాన్న మార్చిలో రిటైరవుతన్నారు. కొడుకు రైల్వేలో ఉంటే క్వార్టర్ కొడుకు పేరున మారుద్ది. లేకపోతే ఖాళీ చెయ్యాలి. అన్నయ్యకి ఈ ఏడు పోతే వయసు దాటిపోద్ది. వాడికి చదువబ్బలేదు, ఆ గొంతొకటే ఉంది. సాబు సొంత పాట కావాలన్నాడు. సగం హిందీ, సగం తెలుగు అయినా ఆ పాటలో మాటలు నీవి, గిటారు నీది. నువ్వు లేపోతే వాడు స్టేజెక్కి ఏటి చేస్తాడు, టికెట్లు చెక్ చేస్తాడా?

ఏటీ, వాడొచ్చి అడగాలా? అడగడు. వాడు నీకంటే మొండి. తెర పక్కన నించుని మెటికలు విరుచుకుంటన్నాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు. నాకు వాణ్ణి చూస్తే భయమేస్తంది.

అదిగో చప్పట్లు. బెంగాలీ వాళ్లది అయిపోయింది. పంథీ వాళ్లు మాందర్ డోలు మెడలో వేసుకుని ఎక్కుతన్నారు. అరే, కదలవేటి?

సరే. అయితే విను.

పోయిన వారం మన కాలనీ ఆంగ్లో ఇండియన్ డోరతీ ఆంటీ ఆస్ట్రేలియా వెళ్లిపోడానికి సామాన్లు సర్దుకుంటంటే సాయానికెళ్లేను. గ్రామఫోను రికార్డులు పెట్టెడున్నాయి. అమ్మీసే ముందు ఒకసారి వింటానని ఒకటి పెట్టింది. మెయిల్ ఆయన! మొదటి ముక్కకే పోల్చుకున్నాను. అట్ట మీద నున్నగా తల దువ్వుకున్న కుర్రాడు. తరవాత ఇంకోటి పెట్టింది. ఉత్కల్ ఆయన! అట్ట మీద నెరిసిన గెడ్డం, కళ్లకింద సంచులు. కిందనున్న పేరు చదివేను బావా. రెండిటి మీదా ఒకటే పేరు.

అర్థమయిందా? ఒక్కడే మనిషి. కుర్రతనంలో అవి రాసేడు, పెద్దయ్యేక ఇవి రాసేడు. నేను నోరు తెరుచుకుని చూస్తంటే ఆంటీ నవ్వింది. "ఏం బేటీ, పాటలు రాసేవాడు ముసలాడు కాకూడదా?" అంది.

అలాగ చూడకు. ఒట్టు, నా కళ్లతో చూసేను.

ఎందుకు చెప్పలేదా? ఎందుకు చెప్తాను? చెప్తే మీ బహస్ అయిపోద్ది. అయిపోతే నువ్వు మా ఇంటికి దేనికొస్తావు? రోజూ సాయంత్రం సైకిలు మా గేటుకి ఆనించి, వాడితో దెబ్బలాడి, మధ్యలో "నువ్వు చెప్పు తనూజా, ఎవరు గొప్ప?" అని నా వేపు తిరుగుతావు చూడు. ఆ ఒక్క మాట కోసం పొద్దుట్నించీ ఎదురుచూసేదాన్ని. ఒకరోజు మెయిల్ ఆయననేదాన్ని, ఒకరోజు ఉత్కల్ ఆయననేదాన్ని. ఎటూ తేలకూడదని. ఆ ఇంగ్లీషు పాటల్లో సగం మాటలు నాకు అర్థమే కావు.

క్వార్టర్ పోతే మేం మా సొంతూరు సాలూరు వెళ్లిపోవాలి. సాలూరికి నువ్వెందుకొస్తావు?

అన్నయ్య ఉద్యోగం నిజమే, నాన్న బెంగ నిజమే. కాని నేనిలాగ నీ ముందర నించుని బతిమాలుతున్నది నాకోసం. బస్, చెప్పీసేను. ఇంతకంటే ఏటి చెప్పమంటావు?

మాందర్ ఆగిపోయింది. మన పేర్లు పిలుస్తన్నారు. బావా!

లేచేవా? హమ్మయ్య. బేగి తియ్యి గిటారు, ఆ జిప్పు ఇలాగియ్యి, నేను లాగుతాను. ఏటి? ఏటో అంటన్నావు, చప్పట్లలో వినపడలేదు. గట్టిగా అను.

"ఒకడే అయితే, కుర్రప్పుడు రాసినవి గొప్పా, పెద్దయ్యేక రాసినవి గొప్పా" అనా?

ఇంత చెప్పేను. ఇంత చెప్తే, నీకు అడగాలనిపించింది అదా!

వెళ్లు. నన్నడక్కు, వెళ్లి అన్నయ్యనడుగు. రేపట్నించి వరండాలో ఇద్దరూ కూచుని అదే కొట్టుకోండి. చాయ్ నేను పెడతాను. నాకింకేటి పనుంది.