ఎర్రదా, తెల్లదా?

గున్మాలో పాతకార్ల షెడ్డు ముందు తండ్రి కూలబడ్డాడు. కొడుకు ఇంకా రెండు స్పోర్ట్స్ కార్ల మధ్యే తిరుగుతున్నాడు.

"ఎర్రదా, తెల్లదా నాన్నా?"

"తెల్లది తక్కువ తిరిగింది, అదే తీసుకుని చావు. పొద్దుట్నుంచీ కాళ్లు పీకుతున్నాయి."

"నీ పాత కారు ఎర్రదే కదూ?"

"నువ్వు పుట్టాక అమ్మేశాను. దాని ఊసెందుకిప్పుడు? ఈ రెండూ గేర్లవేనా?"

"ఆఁ."

"మరి నీ లైసెన్సు?"

"గేర్లు మార్చక్కర్లేని బళ్లకే. తొందరగా అయిపోతుందని నువ్వేగా అందులో చేర్పించావు."

"ఓరి దద్దమ్మా! మరి నన్నెందుకురా ఇన్ని షెడ్లు తిప్పావు?"

"గేర్ల పరీక్ష కూడా ఇస్తా. అప్పటిదాకా నువ్వు నడుపు, పక్కన కూర్చుని చూస్తా."

తండ్రి అక్కడ క్లచ్ ఉన్నట్టే ఎడంకాలితో నేలను మెల్లగా నొక్కి చూసుకున్నాడు.

"ఎర్రదే అడుగు," అన్నాడు.