కార్బురేటరే ఉండనీ, మామయ్యా

రేసు కార్ల ఇంజన్లు సరిచేసే షెడ్డు. మధ్యాహ్నం మూడు దాటింది. బల్లకి ఒక పక్క షెడ్డు యజమాని. ఇంజన్ చప్పుడు విని లోపం చెప్పేస్తాడని అందరూ ఆయన్ని చెవి మేస్త్రి అంటారు. ఇంకో పక్క ఆయన అక్క కూతురు. ఆయన తయారుచేసిన కారును పందేల్లో నడిపేది ఆమే.

"ఈ ఇంజన్‌కి పెట్రోలు ఇంజెక్షనే పెడుతున్నాను. అయిపోయింది, ఇంక మాట్లాడకు."

"అయిపోలేదు మామయ్యా. పాత కార్బురేటర్లే పెట్టు. రెండూ శుభ్రంగా ఉన్నాయి. వాటికి దెబ్బ కూడా తగల్లేదు."

"నువ్వేనా ఈ మాట అంటున్నది? ఆరేళ్లుగా ఇంజెక్షన్, ఇంజెక్షన్ అని నా చెవిలో జోరీగలా తిరిగింది ఎవరు? అందరి బళ్లూ మారిపోయాయి, మనం ఒక్కళ్లమే మిగిలామని మీ అమ్మ దగ్గర నామీద చాడీలు చెప్పింది ఎవరు?"

"అప్పుడు అన్నాను. ఇప్పుడు వద్దంటున్నాను."

"ఎందుకు?"

"ఊరికే."

"ఊరికే ఎవరైనా వద్దంటారా? కారణం చెప్పు."

"కార్బురేటర్ అయితే... కాలు నొక్కగానే ఒక ఊపు వస్తుంది చూడు. ఇంజెక్షన్‌లో అది రాదు."

"వస్తుంది. తెలిసినవాడు అమరిస్తే ఇంకా బాగా వస్తుంది. ఆ ఊపు మాట ఇరవై ఏళ్లు నేనే అందరికీ చెప్పాను. అబద్ధమని తెలిసే చెప్పాను. నా సరుకు నాకే అమ్మకు."

"పోనీ, చెడిపోతే? కార్బురేటర్ అయితే ఒక స్క్రూడ్రైవర్ ఉంటే అక్కడికక్కడే..."

"అదీ నా మాటే. ఇంకోటి?"

"ఇంకోటి లేదు."

"లేదు కదా. మరి విను. కార్బురేటర్ ఉందంటే పెట్రోలు ఎంత, గాలి ఎంత అన్నది ముందు రోజే ఒకడు కూర్చుని తేల్చాలి. మర్నాడు ఎండ కాసినా, మబ్బు పట్టినా అదే లెక్క. తేడా వస్తే చెవితో పట్టుకోవాలి. ఇంజెక్షన్ అలా కాదు. పొగగొట్టంలో ఇంత సెన్సర్ కూర్చుని క్షణక్షణం వాసన చూస్తూ ఉంటుంది. పెట్రోలు తగ్గిందా, వెంటనే పెంచేస్తుంది. దానికి చెవితో పనిలేదు."

"చెవితో పనిలేదని నువ్వు అంటుంటే నాకు ఎలాగో ఉంది."

"ఎలాగో ఉన్నా అంతే. నాలుగింటికి ఆయన వస్తాడు. ఈలోపు ఇది తేలిపోవాలి."

"ఎవరు?"

"జెండా ఆయన."

"ఇక్కడికా?"

"నేనే రమ్మన్నాను. ఇంజన్ మళ్లీ మోగితే వినాలని ఉందన్నాడు. వాళ్లబ్బాయి గేటు దాకా తెచ్చి దింపుతానన్నాడు."

"గేటు దగ్గర్నుంచి నడవగలడా?"

"రెండు కర్రలతో వస్తాడు. మోకాలు మాత్రం ఇక వంగదు. నీకు తెలియదా? ఎలా తెలుస్తుందిలే, ఒక్కసారైనా వెళితే కదా."

"కుదరలేదు."

"అయిదు నెలలు."

"కుదరలేదన్నాను కదా మామయ్యా."

"నేను నిన్ను అనట్లేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నీకెందుకు ఆ ఉలుకు? బండి నీ చేతిలో ఉండగా అదుపు తప్పింది, అంతవరకే. పిస్టన్ కరిగి సిలిండర్‌కి అతుక్కుపోయి, వెనక చక్రాలు బిగుసుకుపోతే ఎవరు మాత్రం ఏం చేస్తారు? బండి వెనక్కి తిరిగి పోయి ఆయన నిలబడ్డ జెండా గట్టుని గుద్దింది. ఆయన కూడా నిన్ను ఏమీ అనడు. 'ఆ అమ్మాయి చివరి దాకా స్టీరింగ్ వదల్లేదండీ, నన్ను తప్పించాలనే చూసింది' అంటాడు."

"ఆ మాట అన్నాడా?"

"వెళ్లినప్పుడల్లా అంటాడు."

"కాసిని నీళ్లున్నాయా?"

"ఆ సీసాలో... అది కాదు, అది బ్యాటరీలో పోసేది. దాని పక్కది. ఏమైంది నీకు?"

"ఏం లేదు. పొద్దుట్నుంచి తినలేదు. ఉద్యోగానికి వెళ్తున్నాడా ఆయన?"

"వెళ్తున్నాడు. ఇదివరకు ఉత్తరాలు పంచేవాడు కదా, ఇప్పుడు లోపల కుర్చీలో కూర్చోబెట్టి ముద్రలు వెయ్యమన్నారు. రోజూ ఒకే గోడ చూడాలంటే పిచ్చెక్కుతోందన్నాడు. తన వీధులు ఇంకొకతనికి ఇచ్చారట. ఆ కొత్తతను ఇళ్ల నంబర్లు తప్పుతున్నాడని, ఎవరింటి కుక్క కరుస్తుందో, ఎవరిది ఊరికే అరుస్తుందో వీధి వీధికీ కాగితం మీద రాసిచ్చాడట. ఆదివారాలు మనకోసం ఊరికే వచ్చి ఎండలో జెండా పట్టుకుని నిలబడేవాడు. ఆయనకి మనం చేసింది ఇది."

"మనం కాదు మామయ్యా."

"అవును, మనం కాదు. నేను. అందుకే ఇది రాశాను. చదువు."

"ఏంటిది?"

"చదివితే తెలుస్తుంది. పైకి చదువు, తప్పులుంటే చెప్పు. నా రాత సంగతి నీకు తెలుసుగా."

"'రేసుల కమిటీ వారికి. అయిదు నెలల క్రితం జరిగిన ప్రమాదంలో ఆ కారు ఇంజన్‌కి పెట్రోలు పాళ్లు తక్కువగా అమర్చింది నేనే. అందువల్లే పిస్టన్ కరిగింది. నాకు ఎడమ చెవి సరిగా వినపడదని అప్పటికి రెండు నెలల ముందే డాక్టరు చెప్పినా, ఎవరికీ చెప్పకుండా దాచాను. కారు నడిపిన అమ్మాయి తప్పు ఇందులో ఏమీ లేదు. ఇక మీదట...' మామయ్యా, ఏంటిది?"

"చదువు."

"'ఇక మీదట పందేలకు వెళ్లే ఏ బండికీ నేను చెయ్యి పెట్టను.' ఇది ఎవరికిచ్చావు?"

"ఇంకా ఇవ్వలేదు. ముందు ఆయన చేతిలో పెడతాను, చదవనిస్తాను. ఆ తర్వాత కమిటీకి. తిట్టాలనుకుంటే తిడతాడు. తిడితే బాగుండును కూడా."

"చెవి సంగతి నాకెందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పను? చెవి మేస్త్రికి చెవుడంటే నవ్వరూ? అద్దాల గదిలో కూర్చోబెట్టి చేతికి ఒక బటన్ ఇచ్చారు. శబ్దం వినపడినప్పుడల్లా నొక్కమన్నారు. నేను నొక్కుతూనే ఉన్నాను, బాగా చేస్తున్నాననే అనుకున్నాను. బయటికి వచ్చాక కాగితం చూపించారు. సగం చోట్ల బొమ్మలా కూర్చున్నానట. సన్నటి శబ్దాలు ఎడమ చెవికి అసలు లేవన్నారు. ఇంటికి వచ్చి మీ అత్తకి కూడా చెప్పలేదు."

"కుడిది?"

"కుడిది ఫరవాలేదు."

"మరి నువ్వు వినేది కుడిదాంతోనే కదా. రబ్బరు గొట్టం ఎప్పుడూ కుడి చెవికే పెట్టుకుంటావు."

"పెట్టుకున్నాను. ముందు రోజు సాయంత్రం ఒక్కో కార్బురేటర్‌కి రెండేసి, నాలుగు గాలి గొట్టాలూ విన్నాను. నాలుగూ ఒక్క గొంతుతో ఊదాయి. నూట యాభై నంబరు జెట్లు పెట్టాను. సరిగ్గా కుదిరిందనుకునే పడుకున్నాను."

"సరిగ్గానే కుదిరింది."

"సరిగ్గా కుదిరితే పిస్టన్ ఎందుకు కరుగుతుంది? ఆయనకి ఎలా చెప్పాలో కూడా అనుకుని పెట్టుకున్నాను. అయ్యా, జెట్టంటే గోరంత ఇత్తడి ముక్క, మధ్యలో కన్నం. నంబరు పెరిగితే కన్నం పెద్దది, పెట్రోలు ఎక్కువ వెళ్తుంది. నంబరు తగ్గితే పెట్రోలు తక్కువ. తక్కువైనప్పుడు ముందు బండి లేడిలా పరిగెడుతుంది. కాసేపటికి లోపల వేడెక్కి టకటకమంటుంది. ఆ టకటక విని ఆపెయ్యకపోతే పిస్టన్ కరుగుతుంది. ఇలా చెప్తే అర్థమవుతుందా ఆయనకి?"

"జెట్లు మార్చింది నేను."

"ఆఁ? ఏమన్నావు? ఆ పక్కనుంచి అంటే నాకు వినపడదు, ఇటు రా."

"ఏం లేదు."

"ఏదో అన్నావు."

"టైమెంత అయిందని."

"మూడున్నర. ఆ కాగితం ఇలా ఇవ్వు, నలిపేస్తున్నావు. ఏడుస్తున్నావా?"

"లేదు."

"నామీద జాలి పడకు తల్లీ. కార్బురేటరే ఉంచమని ఎందుకు పట్టుబడుతున్నావో నాకు అర్థం కాలేదనుకున్నావా? ఇంజెక్షన్ పెడితే తప్పు నాదేనని నేను ఒప్పుకున్నట్టవుతుందని నీ బాధ. ఒప్పుకోవాలి కదా. ఆ రోజు నువ్వు ఆరు రౌండ్లు నా ముందు నుంచే వెళ్లావు. ఆ టకటక ఆరుసార్లు నా ముందు నుంచే పోయింది. నేను ఎడమ పక్క ట్రాక్ వైపు పెట్టుకుని, చేతిలో గడియారం చూసుకుంటూ, మన పిల్ల ముందుందని సంబరపడుతూ నిలబడ్డాను."

"మామయ్యా, ఆపు."

"ఇంకొకటి కూడా ఉంది. నీకు క్షమాపణ చెప్పుకోవాలి. ముందు రోజు ప్రాక్టీసులో నువ్వు వెనకబడ్డావు. బండిలో పస లేదన్నావు. లోపం ఇంజన్‌లో లేదు, నీ కాల్లో ఉంది, ఆ దిగుడు మలుపు దగ్గర భయపడి కాలు తీసేస్తున్నావు అన్నాను, అందరి ముందూ. ఎంత మాట అన్నాను. ఇంజన్ తప్పు నేను పెట్టుకుని, నిన్ను అన్నాను."

"అది నిజమే."

"నిజం కాదు, నేనే..."

"నిజమే మామయ్యా. ఆ మలుపులో నాకు భయం. ప్రతిసారీ కాలు తీశాను. నీకు అది కూడా వినపడింది, నాలుగు వందల గజాల దూరం నుంచి. నా కాలు పైకి లేవడం విన్నావు నువ్వు. చెవుడంటావేంటి?"

"ఇప్పుడు అదంతా దేనికి?"

"ఇటు తిరుగు. కుడి పక్క ఇటు పెట్టు. ఆ కాగితం ఆయనకి ఇవ్వద్దు."

"ఇస్తాను."

"ఇవ్వద్దు. ఆయనకి నేను చెప్తాను. పందెం రోజు పొద్దున్న మన పేర్లు రాయించడానికి నువ్వు కమిటీ టేబుల్ దగ్గరికి వెళ్లావు. పావుగంట పట్టింది నీకు. ఆ పావుగంటలో నీ జెట్లు తీసేసి నూట ముప్ఫై పెట్టాను."

"నూట ముప్ఫై."

"ఊఁ."

"నాలుగూనా?"

"నాలుగూ. ఏమవుతుందో నాకు తెలియక కాదు. లేడిలా పరిగెడుతుంది, తర్వాత కరుగుతుంది, ఇప్పుడు నువ్వు చెప్పిందే, పదిహేనేళ్లప్పుడు ఇదే బల్ల దగ్గర నాకు నేర్పావు. పది రౌండ్లే కదా, ఆగుతుందిలే అనుకున్నాను. నా కాల్లో లోపం లేదని నీకు చూపించాలనుకున్నాను. నీకే కాదు, ఆ మాట విని నవ్వినవాళ్లందరికీ. ఆరు రౌండ్లు ముందున్నాను మామయ్యా. పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ లేనిది, అందరూ నా వెనక ఉన్నారు. టకటక నీకు వినపడలేదేమో గానీ నాకు వినపడింది. నాలుగో రౌండ్ నుంచే వినపడింది. ఇంకొక్కటి, ఇంకొక్కటి అనుకున్నాను."

"కాదు."

"అవును."

"కాదు. నన్ను ఆ కాగితం ఇవ్వనివ్వకూడదని అల్లుతున్నావు. చిన్నప్పుడు కూడా అంతే, మీ అన్న అద్దం పగలగొడితే నేనే అని ముందుకొచ్చేదానివి. ఇది అద్దం కాదమ్మా, మనిషి కాలు."

"అల్లట్లేదు మామయ్యా."

"మరి ఇంజన్ విప్పింది నేనే కదా? మర్నాడే విప్పాను. కార్బురేటర్లు ఇదే బల్ల మీద పెట్టి, కళ్లద్దాలు తుడుచుకుని మరీ చూశాను. నావి కాకుండా ఇంకేమైనా నంబర్లు ఉంటే బాగుండునని దేవుడికి దండం పెట్టుకుని చూశాను. నూట యాభై. నాలుగూ నేను పెట్టినవే. అవి చూశాకే కదా ఈ అయిదు నెలలూ నాకు నిద్ర లేనిది."

"తెలుసు. అత్త చెప్పింది."

"మరి? నువ్వు మారిస్తే నావి ఎలా ఉంటాయి అందులో?"

"నువ్వు ఆయన తల ఒళ్లో పెట్టుకుని అంబులెన్స్ ఎక్కి వెళ్లిపోయావు. నాకు ఒంటి మీద గీత కూడా పడలేదు. అందరూ నన్ను ఓదార్చారు, నీళ్లు తాగించి కూర్చోబెట్టి వెళ్లారు. సాయంత్రం దాకా బండి దగ్గర నేను ఒక్కదాన్నే ఉన్నాను మామయ్యా. నీ జెట్లు నా జేబులోనే ఉన్నాయి, తీసి మళ్లీ బిగించేశాను."