మా దిక్కు లేని మాట

తప్పు మా దగ్గరనే జరిగింది. ఆ కథల ఒక మాట మార్చాల్సి ఉండె, మార్చలేదు. మీరు ఇయ్యాల నా ముందట కూసున్నరంటే దానివల్లనే.

లేవకండి. చాయ్ చెప్పిన, వస్తది. కింద కోచింగ్ సెంటర్ పిల్లల లొల్లి గానీ, ఏం చేస్తం, దిల్‌సుఖ్‌నగర్‌ల గింతకన్నా నిమ్మళమైన రూము మాకు కిరాయికి దొరకలే.

మా పత్రికకు కథ రాస్త, నియమాలు చెప్పమన్నరు గదా? చెప్త. సంపాదకురాలిని, అదే నా పని.

కథ చిన్నగ ఉండాలె. టైపు చేసి మెయిల్ చేయాలె. వాట్సాప్‌ల ముక్కలు ముక్కలు పంపితే చదవం. కలం పేరు పెట్టుకోవచ్చు. కార్తీక్ అన్నరు గదా, బాగనే ఉంది. అసలు పేరు మాత్రం విడిగ రాయాలె. మీది నాకు తెలుసు మహేష్ గారూ, రాయకున్నా నడుస్తది.

కూసోండి అంటున్న గదా.

రాసినవాళ్ళ అడ్రసు మా దగ్గరనే ఉంటది. ఎవరికీ ఇయ్యం. అన్నలకు ఇయ్యం, తమ్ములకు ఇయ్యం, అభిమానులకు అసలే ఇయ్యం. రెండు నెలల కింద మీరు అభిమానిగనే వచ్చిన్రట. నేను లేను. ప్రూఫులు చూసే కోటేశ్వరమ్మ గారున్నరు. "ఆ కథ రాసినామెకు శాలువ కప్పుతం, అడ్రసియ్యున్రి" అన్నరట. ఇన్నేండ్ల సంది పత్రిక నడుపుతున్న, మా రచయితలకు శాలువ పట్టుకొని ఒక్కడు రాలే. ఆమెకు అక్కడనే అనుమానం రావాలె.

ఇంకో నియమం ఉంది, నేను పెట్టిందే. తెలంగాణ మాటలను దిద్దొద్దు. కోటేశ్వరమ్మ గారిది తెనాలి దిక్కు. మొదట్ల అంగి అని ఉంటే చొక్కా అని, ఆనిగెపుకాయ అని ఉంటే సొరకాయ అని మార్చేది. ఇద్దరం బాగ కొట్లాడుకున్నం. "అర్థం కాకుంటే నన్ను అడగండి" అన్న. కొన్ని రోజులు అడిగింది. ప్రతిసారి అడగాల్నంటే నామోషీ కాదా మరి? బంద్ చేసింది. మా దిక్కు మాటనుకుంటే చాలు, కలం ఎత్తదు.

ఆ కథల మొగడు పెండ్లాన్ని కొట్టేముందు తలుపుకు గడె పెడ్తడు. "రా, బడి పెడ్త" అంటడు. మెల్లగ, నవ్వుకుంట అంటడు. కోటేశ్వరమ్మ గారు అది మా దిక్కు మాటనుకున్నది. వదిలేసింది. నేను ఎల్బీ నగర్ ప్రెస్సుల వేరే పేజీల మీద పడి, చూడలే. అచ్చయింది.

శాలువ అని వచ్చిననాడు అడ్రసు దొరకక పోయేటప్పుడు మీరు కోటేశ్వరమ్మ గారికి వేలు చూపెట్టి ఏమన్నరు? మీకు యాదికుండదు. నోటికి అలవాటైన మాట. ఆమె నాకు ఫోన్ చేసింది. "విజయశ్రీ గారూ, కోపమొస్తే మీ వైపు అందరూ బడి పెడతానంటారాండీ?" అని అడిగింది.

నాది నల్లగొండనే. పుట్టినకాడి నుంచి ఆ భాషనే వింటున్న. ఆ మాట మా దిక్కు లేదండి. ఏ ఊర్ల లేదు. ఒక్క ఇంట్ల ఉన్నది.

చాయ్ వచ్చింది, తీసుకోండి.

మీ భార్య తెలివిగల మనిషి. మీ ఇల్లు ఇడిసి పోయినంక రాసిన కథ, అండ్ల మనుషుల పేర్లన్నీ మార్చింది. బడంగ్‌పేట్ ఇంటిని మలక్‌పేట చేసింది. ఆ ఒక్క మాటను మార్చలేకపోయింది, దాన్ని పట్టుకొనే మీరు వచ్చిన్రు. ఆ దెబ్బలకు ఇంకో పేరు ఉంటదని ఆమెకు తెలిస్తే గదా?

ఏమన్నరు? మొగడు పెండ్లాల ముచ్చటనా? అయితే చంపాపేట్‌ల కోటేశ్వరమ్మ గారు కూరగాయలు కొంటుంటే మీరు వెనక ఎందుకు నిలబడ్డరు? "సంచి బరువున్నట్టుంది, ఇంటిదాక తేవాల్నా అమ్మా" అన్నరట. మర్యాదనే, కాదనను. తెల్లారే ఆమె బిడ్డ దగ్గరికి పోయింది. ఏ ఊరని నేను అడగలే. అడిగితే తెలుస్తది, తెలిస్తే ఎప్పుడన్నా నోరు జారుత.

ఆ సొరుగు దిక్కు చూడకండి. అండ్ల గుండుసూదులు, రబ్బరు ముద్రలు. మీ భార్య ఎక్కడుంటదో ఈ ఆఫీసుల కాగితం మీద ఇప్పుడు లేదు, చింపేసిన. ఫోన్ల లేదు. నా ఒక్కదానికే తెలుసు. ఈ ముక్క మీకు చెప్పొద్దని మా ఇంట్ల బతిమాలిన్రు. చెప్పకుంటే మీరు ఇంకొకరి సంచి మోస్తరు గదా?

మీరు వచ్చిపోయిన వారానికే ఆమె రెండో కథ పంపింది. మొదటిదానికన్నా బాగుంది. వేస్తే మీరు మళ్ళ బయలుదేర్తరు. వెయ్యకుంటే ఆమె నోరు మీకన్న ముందు నేనే మూసినట్టయితది. ఒక దినమంత ఎటూ తేలలే. ఆఖరికి ఒక ఉపాయం తోచింది, చేయాల్నా అని ఆమెనే అడిగిన. "మీకెందుకు మేడం నా లొల్లి" అన్నది. వద్దని మాత్రం అనలే.

ఇగో, ఇది పోయిన నెల సంచిక. కథ కింద పేరు చదవండి. విజయశ్రీ. పక్కన ఫోటో నాదే. ఇది ఈ నెలది, మూడో కథ. దీనికి గూడ నా పేరే, కింద నా ఇంటి అడ్రసు. రేపు ఎవరన్న అడిగితే ఆ కథలు రాసింది నేను. మీరు అడిగినా, పోలీసులు అడిగినా, నేనే. నాలుగోది రాసుకుంట కూసున్నది ఆమె. దాని కింద గూడ నా పేరే పడ్తది.