మెరుపన్న కాలం తిప్పిన సంచిక

పుత్తూరులో ఎముకలకు కట్టు కట్టే చోట పొద్దున్నే జనం. లోపలికి పిలిచేదాకా ఎదురుగా ఉన్న వెంకటరమణ టీ అంగట్లో కూర్చోవాల్సిందే. నాగవేణికి రాత్రంతా నిద్ర లేదు. పక్కన మొగుడు మునిప్రసాద్, బోర్డులు రాసే పెయింటరు. మొన్న ఒక స్కూలు గోడ మీద రాస్తూ నిచ్చెన మీంచి పడి విరిగిన కుడిచేతిని తువ్వాలుతో మెడకు వేలాడదీసుకుని, అంత నొప్పిలోనూ కథలు మొదలుపెట్టేశాడు. ఈ మనిషి నోటికి మాత్రం దెబ్బ తగల్లేదు కదా అని ఆమె విసుక్కుంది.

“వయసులో ఉన్నప్పుడు నేనొక బొమ్మల పుస్తకం గీసినానప్పా. హీరో పేరు మెరుపన్న. ఒక సంచికలో వాడు కాలాన్ని ఎనక్కి తిప్పతాడు. చిన్న పనే అనుకో. వాడు గడియారం ముల్లు పట్టుకోని లాగే బొమ్మ గీస్తా ఉంటే, మా ఇంట్లో గోడగడియారం టక్కున నిలబడిపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసునా?”

“బ్యాటరీ అయిపోయుంటాది,” అన్నాడు వెంకటరమణ, టీ వడగడుతూ.

“నీ మొగం! ఎనక్కి తిరిగేది మొదులుపెట్టింది. వీధిలో పోయిన బస్సు రివర్సులో వస్తా ఉండాది! మెరుపన్న కాగితంలోనించి చెయ్యి సాచి, ‘రాన్నా’ అని నన్ను లోపలికి లాక్కున్నాడు. కండ్లు తెరిస్తే చంద్రగిరి. కోట ఇంకా కడతా ఉండారు. రాజు నన్ను సూసి, ‘పెయింటరు వచ్చినాడు, కోటకు పేరు రాయించండ్రా’ అనె.”

“రాసినావా?” అని అడిగింది మోకాలు వాచిన కుప్పమ్మ. పాపం, ఆమెకు మునిప్రసాద్ కొత్త.

“రాసినానమ్మా, వానకు పోయింది గానీ. అది వదిలెయ్. ఇంకా ఎనక్కి పోయినాం. సూస్తే తిరుమల్లో అయిదు కొండలే ఉండాయి! మిగిలిన రెండూ రేణిగుంట కాడ దోవ తప్పి, యాడికి పోవాల్నో తెలీక నిలబడుకోని ఉండాయి. నేనే ఒక బండ మీద బాణం గుర్తు ఏసి, ‘తిరుమల ఇటు’ అని రాసినా. అది సూసుకోని నడిసిపోయినాయి. లేకుంటే ఈపొద్దు మనం ఐదుకొండలవాడా అని దండం పెట్టుకోవాల్సిందే!”

నాగవేణి కళ్లు మూసుకుంది. పోయినసారి ఈ కథ చంద్రగిరితోనే ఆగింది. నొప్పి పెరిగినకొద్దీ ఈయన కోతలూ పెరుగుతాయి. ఆ చెయ్యి మళ్లీ కుంచె పడుతుందో లేదోనన్న భయం ఇద్దరికీ ఉంది. ఆయన మాట్లాడి దాచుకుంటున్నాడు, ఆమె ఊరుకుని దాచుకుంటోంది.

కుప్పమ్మ టీ గ్లాసు కింద పెట్టింది. “అయితే నాయనా, అంత ఎనక్కి పోయినోడివి, మొన్నటికి పోయి చెయ్యి ఇరక్కుండా సూసుకోకూడదా?”

వెంకటరమణ పగలబడి నవ్వాడు. బెంచీ మీదున్న వాళ్లూ నవ్వారు. మునిప్రసాద్ తువ్వాలు ముడి సర్దుకున్నాడు.

“మొన్నటికి పోయినా ఆ నిచ్చెన ఎక్కేవాణ్ణేమ్మా,” అన్నాడు. “ఫ్లెక్సీలొచ్చినాక, పిలిసి గోడ రాయమనింది ఆ స్కూలోళ్లొక్కరే.”

అంతలో లోపల్నించి ఆయన పేరు పిలిచారు. ఆయన కదల్లేదు. నాగవేణి ఆయన ఎడమచెయ్యి పట్టుకుని లేపింది.

“లే, పా. బాణం గుర్తే కదా, కొన్నాళ్లు ఈ చేత్తో ఏద్దువులే. కొండలేం తప్పు పట్టవు.”