ఒక్కరికి ఎంత ఉప్పు

గోదావరి దిగిపోయింది. భద్రాచలంలో వరద బాధితుల కోసం తెరిచిన బడిలోంచి జనం మూటలు సర్దుకుని ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. తెల్లారితే మళ్లీ పాఠాలు. ఒక్క బుల్లెమ్మ మాత్రం కదలనంటోంది. హాస్టల్లో వంటమనిషిగా చేసి రిటైరైన మనిషి. వరద ఉన్నన్నాళ్లూ ఇక్కడ అందరికీ తనే వండి పెట్టింది. ఇప్పుడు ఖాళీ వంటపాకలో, తోమి బోర్లించిన గంగాళం పక్కన చతికిలబడి కూర్చుంది. ఆమెను ఇంటికి సాగనంపుదామని వచ్చిన హేమలత టీచరు, పాపం, ఒక్కరికి ఎంత వండాలో చెప్పే వంటపాఠంలో ఇరుక్కుపోయింది.

“అది గాదు మేడం, ఉప్మాల ఉప్పు సంగతి చెప్పు ముందు.”

“చెప్పిన గదమ్మా, చిటికెడు.”

“చిటికెడంటే ఎవరి చిటికెడు? నీదా, నాదా?”

“నీదే. నీ ఇంట్ల వండుకునేది నువ్వే గద.”

“నా చేతికి చిటికెడు రాదు బిడ్డా. గుప్పిళ్లతోని ఏసిన చెయ్యి ఇది. గంగాళానికి ఆరు గుప్పిళ్లు, మీదికెల్లి అర గుప్పెడు, మూత. కండ్లు మూసుకొని ఏస్త. ఉప్పెక్కువైందని ఒక్క పిల్లగాడు అనలే ఎన్నడు.”

“అందుకే చెప్తున్న. ఆ గంగాళాన్ని మర్చిపో. చాయ్ గిలాస తీసుకో.”

“చాయ్ గిలాసనా?”

“అవ్. సగం గిలాస రవ్వ. దోరగ ఏంచుకో. చిన్న మూకుట్ల నూనె, ఆవాలు, రెండు పచ్చిమిరపకాయలు, కరివేపాకు. అదే గిలాసతోని గిలాసన్నర నీళ్లు. మసిలినంక రవ్వ పొయ్యి. అయిపాయె. పది నిమిషాల పని.”

“పది నిమిషాలా! మూడొందల మందికంటే పొయ్యి అంటుకునేటందుకే అంతసేపు.”

“ఇప్పుడు మూడొందల మంది లేరమ్మా.”

“తెలుసు.”

“కోపమొచ్చిందా? నేనేమన్న అన్ననా?”

“ఏమనలేలే. చెప్పు చెప్పు. ఉల్లిగడ్డ?”

“సగం కోసుకో.”

“మిగిలిన సగం?”

“రాత్రికి.”

“రాత్రికేం వండాలె?”

“పచ్చిపులుసు. పొయ్యి గూడ ముట్టియ్యక్కరలే. చింతపండు నానబెట్టి పిసుకు. రెండు మిరపకాయలు నలుపు, ఆ సగం ఉల్లిగడ్డ ఏసుకో, ఇంత నువ్వులపొడి. పొద్దుటి అన్నం ఉంటది గద, పోసుకొని తిను. బడి నుంచి నేను ఇంటికి పోయేసరికి పొద్దుగూకుతది. వారంల రెండు మూడు రాత్రులు మా ఇంట్ల అదే.”

“నీకు తినేటోళ్లున్నరు.”

“ఎవరున్నరమ్మా? నేను, నా బిడ్డ. ఇద్దరమే.”

“ఇద్దరంటే శానా మంది మేడం.”

“సరేగని, ఇగ లేద్దామా? రామ్‌సింగ్ ట్రాలీ ఆటో తెచ్చిండు. గేటు కాడ నిలబడ్డడు.”

“నిలబడనియ్యి. ఈ గంగాళం అడుగున మసి పోలే. మల్ల రుద్దుత.”

“రెండుసార్లు రుద్దినవ్.”

“తెడ్డు…”

“తెడ్డు కడిగినవ్. పొయ్యి అలికినవ్. కట్టెలు పేర్చినవ్. ఇగ చేసేటందుకు ఈడ ఏం మిగల్లే అమ్మా.”

“ఇల్లంత బురద మేడం. నడుముల్లోతు నీళ్లొచ్చినయ్. ఎట్ల పోను?”

“బురద తీసేటోళ్లను పంపిస్త. ఎవరు రాకుంటే నేనే వస్త, పార పట్టుకొని.”

“వద్దు వద్దు! నువ్వెందుకు? నేను తీసుకుంట.”

“తీసుకుంటవా? మరి లే.”

“పప్పు చెప్పలే నువ్వు.”

“నువ్వు నాకు చెప్పాలె పప్పు సంగతి! సరే ఇను. శ్రావణం గద, నీసు ఎట్లాగు ముట్టవు. పిడికెడు పెసరపప్పు, రెండు పిడికెళ్ల బియ్యం, ఒక టమాట, ఇంత ములగాకు. పసుపేసి కుక్కర్ల పెట్టు. కూతలు రాంగనే దించు. కూర అక్కరలేదు, చారు అక్కరలేదు. కుక్కర్ ఉన్నదా?”

“ఉన్నది. నేను హాస్టల్ల దిగిపోయిననాడు సార్లంత కలిసి ఇచ్చిండ్రు. శాలువ కప్పి, దండేసి, చేతిల కుక్కర్ పెట్టిండ్రు. గింతే ఉన్నది. ఆడపిల్లలు బొమ్మలాట ఆడుకునే గిన్నెలుంటయ్ సూడు, గట్ల.”

“మంచిగ పనికొస్తది.”

“అట్టపెట్టె ఇప్పలే ఇంకా.”

“ఇప్పలేదా! మరి ఏడాది నుంచి ఏం దిని బతికినవమ్మా?”

“మొదట్ల వండిన. చెయ్యి ఆగలే. కిలో కందిపప్పు ఎక్కిచ్చిన పొయ్యి మీద. అడవి దిక్కునుంచి బోడకాకరకాయలు వస్తే సంచెడు కొని వేపుడు చేసిన. మంచిగ కుదిరింది మేడం, వాసన వీధి చివరి దాంక పోయింది. తినేటందుకు కూసుంటే ముద్ద దిగలే. ఇంతింత గిన్నెలకెత్తి వాడకట్టంత పంచిన.”

“మంచిదే గద.”

“వాళ్లు గూడ మంచిదే అన్నరు. కొన్ని రోజులు తీసుకున్నరు. పక్కింట్ల ఉషారాణి ఉంటది, ఆ పిల్ల నవ్వుకుంటనే అన్నది, ‘రోజు నువ్వు పెడితే తిరిగి మేమేం పెట్టాలె అవ్వా, మాకు బరువైతది’ అని. మల్లనాడు గిన్నె పట్టుకొని పోయిన. తలుపు తియ్యలే. లోపల టీవీ నడుస్తనే ఉన్నది.”

“అయ్యో. ఇనబడలేదేమో అమ్మా.”

“ఇనబడ్డది. టీవీ చప్పుడు తగ్గిచ్చిండ్రు గద. వాళ్ల తప్పేం లేదు, వాళ్ల కూర వాళ్లకుంటది. నాకే సిగ్గయింది. గిన్నె పట్టుకొని నిలబడి నిలబడి, వెనక్కొచ్చి ఎవరిదో బర్రె కుడితిల పోసిన.”

“తర్వాత?”

“తర్వాతేముంది? చాయ్, బన్ను. చాయ్, బిస్కెట్లు. ఆకలైతే గద మేడం వండుడు.”

“నీ చేతి కూడు తిని పెరిగిన పిల్లలు ఎంతమంది ఉంటరు! ఎవరు రారా చూసేటందుకు?”

“ఎందుకు రావాలె? పెద్దగైండ్రు, ఎవరి పని వాళ్లది. మొన్న పినపాక బస్సుల ఒకడు కండక్టరై కనబడ్డడు. ఆడోళ్లకిచ్చే జీరో టికెట్ కొట్టుకుంట, ‘బుల్లెమ్మవ్వా, నీ పులిహోర!’ అన్నడు. అంతే, అందరు నా దిక్కు సూసిండ్రు. నాకు ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది. ఇంటికి రారా, చేసి పెడ్త అని అనబోయిన. గంతల స్టేజి వచ్చింది. దిగిపోయిన.”

“ఫోన్ నంబరన్న ఇయ్యకపోతివమ్మా.”

“మేడం.”

“చెప్పమ్మా.”

“ఈ బడిల మధ్యాహ్నం భోజనం ఉంటది గద. నన్ను పెట్టుకోరాదు? జీతం వద్దు. ఊకెనే చేస్త.”

“కన్నమ్మ వాళ్లున్నరమ్మా. ఎన్నో ఏండ్ల నుంచి చేస్తున్నరు. నువ్వు ఊకెనే చేస్త అంటే వాళ్ల గతి ఏంది?”

“అవ్, నిజమే. వాళ్ల నోటికాడి కూడు గుంజొద్దు. నేను అనలే అనుకో.”

“ఏదన్న సత్రంల అన్నదానం కాడికి పోరాదు? పదిమంది ఉంటరు, పొద్దు పోతది.”

“పోయిన ఒకనాడు. కూసో అవ్వా అని ఆకేసిండ్రు. వడ్డిస్త నాయనా అంటే, వద్దు నువ్వు పెద్దదానివి, తిను అన్నరు. నాకు పెట్టుడు కావాలె మేడం. పెట్టిచ్చుకునుడు కాదు.”

గేటు దగ్గర హారన్ మోగింది. ఆ వెనకే రామ్‌సింగ్ వంటపాక దాకా వచ్చాడు.

“మేడం! ఇంకెంతసేపు? నాకు ఇంకో కిరాయి ఉన్నది.”

“అయిపోయింది రామ్‌సింగ్. ఈ అమ్మను ఇంటి కాడ దింపాలె.”

“దింపుత. ఎక్కడవ్వా మీ ఇల్లు?”

“ఆడనే. దగ్గరనే.”

“దగ్గరంటే? ఏ వీధి?”

“నువ్వు నడుపుకుంట పో నాయనా, నేను చెప్త.”

“నడిపేటందుకే అడుగుతున్న. కరకట్ట దిక్కా?”

“కరకట్ట కాదు. పైన.”

“పైనంటే?”

“పైనంటే పైనే. గుట్ట మీది కాలనీ.”

“గుట్ట మీదా! గుట్ట మీదికి గోదారి ఎట్లెక్కింది అవ్వా? మా తమ్ముడు బిచ్యా ఆడనే ఉంటడు మేడం. వాకిట్ల చుక్క నీళ్లు నిలువలే. కరెంటు గూడ పోలే వాళ్లకు. మేం పిల్లలను తీసుకొని ఆళ్లింట్లనే పడుకున్నం.”

“నువ్వు పోయి బండి తిప్పుకో రామ్‌సింగ్. మేమొస్తం.”

“జల్దీ రండి మరి.”

“…బుల్లెమ్మా.”

“ఊఁ.”

“నడుముల్లోతు నీళ్లన్నవ్.”

“అన్న.”

“బురదన్నవ్.”

“అవ్, అన్న. అబద్ధమే. ఏమంటవో అను. పడ్త.”

“ఎందుకమ్మా గట్ల చెప్పినవ్?”

“మైకుల చెప్పుకుంట బండి తిరిగింది, హెచ్చరిక, హెచ్చరిక అని. కింద వీధులోళ్లంత మూటలు నెత్తికెత్తుకొని, పిల్లలను చంకనేసుకొని ఈ బడికి పోతున్నరు. నేను పైకెల్లి సూస్తున్న. గంతమంది మేడం! గంతమందికి ఎవరు వండాలె అని బుగులైంది. బుగులు గూడ కాదు, నీ కాడ దాపరికమెందుకు. సంబురమైంది నాకు. ఒకరి ఇండ్లు మునుగుతుంటే నాకు కాళ్లు నిలువలే. పాపిష్టిదాన్ని. సంచిల ఒక చీర పెట్టుకొని ఉరికొచ్చిన.”

“వంట చేస్త అని వస్తే ఎవరన్న వద్దంటరా?”

“గేటు కాడ ఎవరో అడిగిండ్రు, నీ ఇల్లు మునిగిందా అని. మునగలేదంటే పొమ్మంటరేమో అని భయమైంది. మునిగింది అన్న. నోట్లకెల్లి వచ్చేసింది. నేను మంచం తీసుకోలే. దుప్పటి తీసుకోలే. పొయ్యి కాడ సంచి పరుసుకొని పడుకున్న. పోయేటోళ్లకు బియ్యం ఇచ్చిండ్రు గద, నా వంతుది అదిగో, ఆ మూలకున్నది. నిజంగ మునిగినోళ్లకు ఇయ్యి. తిన్నదొక్కటే నా తప్పు. అందరు తిన్నంక గంగాళం అడుగున ఉన్నది గోకి తిన్న. ఏడాదిల కడుపు నిండ తిన్నది ఈడనే బిడ్డా.”

“నేనేం అనను. ఎవరికి చెప్పను. కండ్లు తుడుచుకో.”

“ఒక్క రాత్రి ఉండనియ్యి మేడం.”

“పొద్దుగాల పిల్లలొస్తరమ్మా. గదులన్ని కడగాలె.”

“నేను కడుగుత.”

“కడిగినంక?”

“కడిగినంక… పోత.”

“ఇప్పుడే పోవాలె. ఇయ్యాల ఉంటే రేపు ఇంకా కష్టమైతది నీకు. ఆదివారం మా ఇంటికి రా. నేను, నా బిడ్డ, నువ్వు. ఏదన్న చేసి పెట్టు మాకు.”

“రాను.”

“ఎందుకు రావు?”

“ఒక ఆదివారం వస్త, ముగ్గురికని పదిమందికి వండుత. నువ్వు మంచిదానివి, తింటవ్. మల్ల వస్త. మల్ల తింటవ్. ఒకనాడు నువ్వు గూడ తలుపు తియ్యవ్. ఉషారాణిదంటే ఓర్చుకున్న గని, నిన్ను గట్ల సూడలేను.”

“గట్లెందుకు చేస్త నేను?”

“ఎవరు గావాలని చెయ్యరు బిడ్డా. లే, ఆ పిల్లగాడు హారన్ కొట్టి సస్తున్నడు.”

“ఒక్కసారి ఒప్పజెప్పు నాకు. అప్పుడు పంపిస్త.”

“బడిపిల్లనైన నీ కాడ! సగం గిలాస రవ్వ. గిలాసన్నర నీళ్లు. సగం ఉల్లిగడ్డ. ఉప్పు చిటికెడు. అంతా సగం సగమే. సగం మనిషికి వండినట్టున్నది మేడం.”

“సరిపోతదమ్మా. చేసుకొని తిను. అటుకులు గూడ తెచ్చి పెట్టుకో, కడిగి పోపేస్తే అయిపోతది. ఒంట్ల బాగలేనినాడు పనికొస్తయ్.”

“అట్లనే.”

“ఆ కుక్కర్ పెట్టె ఇప్పు. ఇప్పుతవా?”

“ఇప్పుత.”

“ఒట్టు?”

“పోనియ్యవా నన్ను? ఇప్పుత అంటున్న గద.”

“రామ్‌సింగ్, మెల్లగ ఎక్కించుకో.”

“రా అవ్వా. ఆ కడ్డీ పట్టుకో, రోడ్డంత గుంతలైంది. కూసున్నవా?”

“కూసున్న నాయనా. ఒక్క నిమిషం ఆగు. మేడం, ఒక్కమాట.”

“చెప్పమ్మా.”

“పైన ఇంక వానలున్నయంటనా?”

“ఏ పైన? గుట్ట మీదనా?”

“గుట్ట కాదు. పై రాష్ట్రాల. గోదారి మల్ల పెరిగేటట్టున్నదా అని.”

“ఉండొచ్చు అంటున్నరు. ఇప్పటికే జనం ఆగమైండ్రమ్మా. ఇగ రావద్దని దండం పెట్టుకోవాలె మనం.”

“పెట్టుకుంట బిడ్డా. పొద్దుమాపు పెట్టుకుంట, రావద్దనే పెట్టుకుంట. ఎవరి ఇల్లు మునగొద్దు. కాని వస్తే… వస్తే మాత్రం, ముందుగాల నాకే ఫోన్ చెయ్యి.”