తిప్పూరోళ్లు కట్టిన చీర

కార్తీకంలో ఒక పొద్దున. గోదావరి నడుమ లంక మీద ఉన్న తిప్పూరు రేవులో గాలి పడిపోయి పడవ నిలిచింది. అక్కా తమ్ముడూ ఒడ్డుకు దిగారు.

"గాలి లేంది నేనేం జెయ్యాలె అక్క? తెరచాప సూడు, ఎండేసిన బట్ట తీరు ఏలాడుతున్నది. పొద్దు వాలితె గాలి లేస్తది. అప్పుడు పోదాం."

"నేనేమన్న తొందర వెట్టిన్నా రాజమల్లు? అత్తగారింటికి పోతె మళ్ల పసుపు చేన్ల కలుపే. ఒక్క దినం కాళ్లు సాపుకొని కూసుంట."

"మరి పిల్లలు?"

"నాయనమ్మ దగ్గరున్నరు గద. పొద్దుమీకి పోతె ఏమైతది? పెద్దోనికి పేలాలు కొన్న, చిన్నదానికి గాజులు. నీ బెల్లం సంగతి సూస్కో. ఎండకు కరుగుతదేమో."

"బట్ట కప్పిన. బోధన్ల షక్కర్ కార్ఖానా లేస్తున్నదంట అక్క. గది నడిస్తె ఇగ బెల్లం ఎవలు కొంటరో ఏమో."

"బెల్లం తినేటోళ్లు బెల్లమే తింటరు తియ్యి. తమ్మి, గటు సూడు. ఇండ్ల మీద పడవలు."

"అవును. బోర్లేసిండ్రు. ఎన్నిమాట్ల ఈడికెళ్లి పోయిన, దూరంకెళ్లి రాళ్లగుట్టలనుకున్న."

"ఓ అవ్వ, గిదేంది, ఇంటికి పడవ కప్పినవు?"

"పాతవడ్డ పడవను పారేస్తమా బిడ్డ? మా మామ తిరిగిన పడవ గది. ఆయన పోయినంక ఇంటి మీదికెక్కిచ్చినం. ఎంత వానకైన కురవదు. మా ఊర్ల అందరియి గట్లనే. మీదే ఊరు?"

"కందకుర్తి. నా పేరు శంకరమ్మ. వీడు నా తమ్ముడు."

"నేను భూమవ్వను. పడవ మీదేనా?"

"మాదే అవ్వ."

"ఆగినందుకు సల్లగుండుండ్రి. మా రేవుల పడవ ఆగక శానా దినాలైంది."

"ఎందుకాగవు?"

"ఎండల నిలవడ్డవు, రా, కూసో. సత్తవ్వ, చాప ఎయ్యి. ఇది నా చెల్లె బిడ్డ, సత్తవ్వ. నీళ్లియ్యి వాళ్లకు, జొన్నరొట్టె తే. కూసో కొడుకా, నువ్వు గూడ."

"కూసుంట గనీ, మీరు తిరిగే పడవలేవి అవ్వ? రేవుల ఒక్కటి గూడ లేదు."

"ఉన్నయి. ఎనక దిక్కున్నయి."

"జర సూసొస్త."

"వద్దొద్దు. ఎనక దిక్కు బురద. ఇటు పో, ఇటు. మా మేకలు ఇండ్లెక్కి పడవల మీద తిరుగుతయి. గవి సూడు."

"మేకలంట అక్క, పడవలెక్కుతయంట."

"పో, సూసి రా. నేను ఈడనే ఉంట."

మధ్యాహ్నం. భూమవ్వ అరుగు మీద.

"గింత పసుపా అవ్వ? వేలు మందం పూసిండ్రు. పెండ్లినాడు గూడ నాకు గింత పుయ్యలె."

"పుయ్యనీ. ఆడబిడ్డ ఊర్లకొస్తె ఒట్టి కాళ్లతోని పంపుతమా? చెయ్యి ఇటియ్యి, గాజులు."

"వచ్చినోళ్లందరు మొక్కుతున్నరేంది? గా ముసలాయనైతె నా కాళ్లు వట్టుకొని ఇడువలె. నాకు సిగ్గైతున్నది."

"మొక్కనీ. మా ఊరి పద్ధతే గంత."

"గా చీర గూడ నాకేనా?"

"నీకే. ఎర్రంచుది. ఎక్కువ కట్టలె."

"ఎవలిది?"

"మా కోడలిది. చంద్రవ్వ."

"ఆమెనేది మరి? ఆమె చీర ఆమె చేతులకెళ్లి తీసుకుంట."

"పండుకున్నది."

"ఒంట్ల మంచిగ లేదా?"

"మంచిగనే ఉన్నది. ఇప్పుడు మంచిగనే ఉన్నది. కొంగు ఇటు వట్టు."

"పిల్లలు గూడ పండుకున్నరా? పొద్దటిసంది ఒక్క పోరి కనవడలె. ఒక్క ఏడుపు ఇనవడలె."

"ఎండ గద. లోపటున్నరు."

"కార్తీకంల ఎండేంది అవ్వ? జర గా చెంబియ్యి, దూపైతున్నది."

"వద్దు. చెంబు ఇడువు. ఇడువంటున్న గద. గంజి తెస్త, కాగిన గంజి తాగు."

"అయ్యో, గంత గుంజుకుంటివేంది? పొద్దుగాల తాగిన గదా మీ బావి నీళ్లు. తియ్యగున్నయి."

"ఎవలు పోసిండ్రు?"

"సత్తవ్వనే. నువ్వియ్యమంటివి గద. తమ్మి గూడ తాగిండు."

"బావియి ఇచ్చినవా సత్తవ్వ? ఏటి నీళ్లు ముంచి ఉంచిన గదనే, ఎసరు కుండల... సరె తియ్యి. ఏం గాదు బిడ్డ. ఏం గాదు. ఒడి వట్టు, బియ్యం పోస్త."

"ఒడిబియ్యం గూడనా? మొన్ననే మా అవ్వ పోసింది."

"ఇది మా ఊరు పోస్తది. ఏ ఊరికి పోతరు మీరు?"

"నందిపేట్."

"ఆడ ఎవలున్నరు?"

"అత్త, మామ, నా మొగడు. ఇద్దరు పిల్లలు. చిన్నదానికి గిప్పుడిప్పుడే మాటలొస్తున్నయి."

"పిల్లలున్నరా?"

"ఉన్నరు. ఏమవ్వ, గట్ల సూస్తవు? బియ్యం కింద వడుతున్నయి."

"ఏం లేదు. ఇంకింత దూరం పోరాదు? పోచంపాడ్ దాక?"

"పోచంపాడ్ల నాకెవలున్నరు?"

"ఎవలు లేకుంటెనే మంచిది."

"ఏమన్నవు?"

"గాలి లేసింది అంటున్న. నీ తమ్ముడొస్తున్నడు, లే. పొద్దుండంగనే పోవాలె. ఎనకకు మర్లి సూడకు. ఏమన్న మరిచిన గూడ మళ్ల రాకు బిడ్డ. నీ కాళ్లు మొక్కుత, మళ్ల రాకు."

పొద్దు గుంకే వేళ. పడవలో, ఏటి నడుమ.

"తెరచాప మంచిగ నిండింది. తమ్మి, మేకలు సూసినవా?"

"సూసిన."

"ఎక్కినయా పడవలు?"

"ఎక్కినయి. అక్క, గా చీర ఇప్పు. మూటల నీ చీర ఉన్నది గద, గది కట్టుకో. ఇది ఏట్లెయ్యి. బియ్యం గూడ."

"మతి వోయిందా? ఏమైంది సెప్పు ముందుగాల."

"ఎనక దిక్కు పోయిన. బురద లేదు, ఏం లేదు. ఒట్టి ఇసుక. ఇసుకల కొత్త కుప్పలున్నయి."

"ఏం కుప్పలు?"

"పొడుగుయి కొన్ని. పొట్టియే ఎక్కువ."

"పొట్టియి అంటె..."

"ఊర్ల పిల్లలేరి అక్క? ఒక్క ఏడుపన్న ఇనవడ్డదా నీకు?"

"ఊకో తమ్మి."

"వాళ్ల పడవలు గూడ ఆడనే ఉన్నయి. బొగ్గులైనయి. అవతలి ఒడ్డోళ్లు వచ్చి కాలవెట్టిండ్రంట, ఎవలు ఏరు దాటి రావద్దని. మేకల కాడి పిలగాడు గంత మాట సెప్పి ఉరికిండు."

"గత్తరనా?"

"గత్తరనే. కక్కుడు, బేదులు."

"తెలిసినోడివి అప్పుడే సెప్పొద్దా?"

"సెప్తె నువ్వు ఆడనే కూలవడుదువు. ముందు పడవెక్కియ్యాలె అనుకున్న. రేవు పొడుగూత మొగోళ్లు కట్టెలు వట్టుకొని నిలవడ్డరు, సూడలేదా? మనం మళ్ల దిగకుండ."

"మరి నాకు పసుపెందుకు పూసిండ్రు? ఒడెందుకు నింపిండ్రు?"

"మన చిన్నప్పుడు కందకుర్తికి గత్తరొస్తె ఏం జేసిండ్రు?"

"అమ్మవారి బొమ్మకు చీర కట్టి, బొట్టు వెట్టి, ఒడి నింపి, బండి మీద పొలిమేర దాటిచ్చిండ్రు. అవతలి ఊరోళ్లు కొట్టనీకి వచ్చిండ్రు, మా మీదికి తోలుతరా అని."

"వీళ్లకు బండి లేదు. వీళ్ల పొలిమేర ఏరే."

"గందుకే మొక్కిండ్రా అందరు?"

"గందుకే. బొమ్మను జేసిండ్రు నిన్ను."

"గందుకే పోచంపాడ్ పో అన్నది ముసల్ది. ఎవలు లేని కాడికి పో అన్నది."

"గదంత ఒట్టి నమ్మకం అక్క. చీర కడితె అమ్మవారు ఎంబడి వస్తదా? ఏట్లెయ్యి, తలకు పోసుకో, మరిచిపో."

"చీర సంగతి గాదు. ఆమె నా చేతుల చెంబు గుంజుకున్నది తమ్మి. ఆ బావి నీళ్లు మనిద్దరం తాగినం."

"ఒక్క చెంబు."

"నీ కడుపెట్లున్నది?"

"మంచిగనే ఉన్నది."

"నా మొకం సూసి సెప్పు."

"జర నొస్తున్నది. పడవెక్కే ముందు రెండు మాట్ల పొదల్లకు పోయిన. ఎండల తిరిగిన గద, గంతే."

"గంతేనా?"

"గంతే. నీకు గూడ నొస్తున్నదా?"

"చేతులు సల్లవడ్డయి. భయమో ఏమో."

"భయమే. మరేం గాదు. గటు సూడు, నందిపేట్ రేవు కనవడుతున్నది. కందిలి వట్టుకొని మీ అత్త వచ్చింది."

"పెద్దోడు గూడ వచ్చిండు."

"మోకాళ్ల దాక నీళ్లల్లకు దిగిండు, మన పడవను గుర్తువట్టిండు. చిన్నది ముసలామె సంకల ఉన్నది. నిన్నే పిలుస్తున్నది, ఇనవడుతున్నదా?"

"ఇనవడుతున్నది."

"తెరచాప దించుతున్న, తాడందుకో. అక్క, తాడందుకో. రేవు దగ్గరికొచ్చింది."

"దించకు."

"ఏంది?"

"దించకు తమ్మి. రేవు దాటి పోనియ్యి."